పెట్ట గుడ్లకొచ్చే వేళ

"అయిదు నెలలు మేపాం. ఒక్క గుడ్డు లేదు. ఈ ఆదివారం కోసేద్దాం." పెరట్లో కొత్తగా కోళ్లు పెంచుతున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అన్నవాళ్లు కఠినులేమీ కారు. కోడిపిల్లల్ని అమ్మినవాడు అయిదు నెలలకు గుడ్లన్నాడు. వీళ్లు గోడ మీది క్యాలెండర్‌లో తేదీ గుర్తు పెట్టుకున్నారు. ఆ తేదీ దాటిపోయింది. కానీ ఆ లెక్క షెడ్డులో పెరిగే లేయర్ కోడిది, పెరట్లో తిరిగే పెట్టది కాదు. మరో నాలుగు వారాలు ఆగితే గుడ్డు పెట్టాల్సిన పెట్ట కూరగిన్నెలోకి వెళ్లిపోతుంది. పెరటి పెంపకంలో జరిగే నష్టాల్లో చాలావాటికి ఇలాంటి తొందరే కారణం. దేనికి ఆగాలి, దేనికి ఆగకూడదు అన్నది తెలిస్తే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది.

గుడ్లకొచ్చే వయసు జాతిని బట్టి మారుతుంది. వాణిజ్య లేయర్లు 18 నుంచి 20 వారాలకే గుడ్లు మొదలుపెడతాయి. తరతరాలుగా వాటిని అందుకోసమే ఏరి పెంచుతూ వచ్చారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం రూపొందించిన గ్రామప్రియ సుమారు 160-165 రోజులకు, వనరాజ సుమారు 175-180 రోజులకు గుడ్లకొస్తాయి. కడక్‌నాథ్ కూడా దాదాపు 180 రోజులు తీసుకుంటుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి పందేలకు పేరుపడ్డ అసీల్ జాతి పెట్టకు 196 రోజుల దాకా పడుతుంది. మంచి మేత, వేళకు టీకాలు అందిన కోళ్ల లెక్కలివి. నూకలు మాత్రమే తిని పెరిగిన పిల్ల ఇంకో నెల వెనకబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఏడాదికి వచ్చే గుడ్లూ ఒక్కతీరుగా ఉండవు. పెరటి మేతతో గ్రామప్రియ 160-180, వనరాజ 100-110 గుడ్లు పెడతాయి. నాటుపెట్ట 50-60 దగ్గర ఆగుతుంది. నాటుపెట్టను తెచ్చుకుని రోజుకో గుడ్డు ఆశించే ఇంట్లో నిరాశ తప్పదు. పిల్లల్ని కొనేముందే అది ఏ జాతో అడిగి రాసుకోవడం, పొదిగిన తేదీ తెలిస్తే అదీ రాసుకోవడం ఈ మొత్తం పనిలో మొదటి మెట్టు.

గుడ్డు కన్నా ముందు గుర్తులు కనిపిస్తాయి. అప్పటిదాకా పాలిపోయినట్టు, చిన్నగా ఉన్న జుట్టు రెండు మూడు వారాల్లో ఎదిగి ఎర్రబడుతుంది. గొంతు కింద వేలాడే తోలు కూడా అంతే. మేత ఎక్కువ తింటుంది. మనిషి దగ్గరికొచ్చి చెయ్యి చాపితే పారిపోయే పెట్ట రెక్కలు కాస్త విప్పి అక్కడికక్కడే నేలకు ఆనుకుని కూర్చుంటుంది. పుంజుకు లొంగే భంగిమ అది. పుంజు లేని పెరట్లో మనిషి ముందు అలాగే కూర్చుంటుంది. సాధారణంగా అది కనిపించిన కొద్ది రోజుల్లోనే గుడ్డు పడుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే తోక కింద, గుడ్డు వచ్చే మార్గానికి రెండు వైపులా ఉండే ఎముకల కొసలను వేళ్లతో తడిమి చూడొచ్చు. గుడ్లకు రాని పెట్టలో వాటి మధ్య ఒక వేలు పట్టడమే కష్టం. గుడ్లకొచ్చిన పెట్టలో రెండు వేళ్లు, ఒక్కోసారి మూడు వేళ్లు సులువుగా పడతాయి. కోయాలా ఉంచాలా అన్నది క్యాలెండర్‌ను అడిగే బదులు ఆ ఎముకలను అడగడం మేలు.

బయటికి కనిపించని మార్పు ఇంకోటి జరుగుతుంది. తొలి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు పెట్ట కాళ్ల ఎముకల్లోని బోలులో కొత్తరకం ఎముక పేరుకోవడం మొదలవుతుంది. అది శరీర బరువు మోయడానికి కాదు. రాబోయే గుడ్ల పెంకుకు కావలసిన కాల్షియం దాచుకునే గాదె. రాత్రిపూట పెంకు తయారయ్యే వేళకు కడుపులోని మేత అయిపోతే పెట్ట ఈ నిల్వ తీసి వాడుకుంటుంది, పగలు తిన్నదానితో మళ్లీ నింపుకుంటుంది. ఒక గుడ్డు పెంకు 5-6 గ్రాముల బరువుంటుంది, అందులో కాల్షియమే దాదాపు 2 గ్రాములు. పెట్ట ఒళ్లు చూస్తే కిలోన్నర, రెండు కిలోలు. అంత చిన్న శరీరం గుడ్డు పెట్టిన ప్రతిసారీ ఇంత సున్నం బయటికి పంపుతోందంటే మేతలో లోటు రాకూడదని వేరే చెప్పాలా?

అలాగని పిల్లలకు ముందునుంచీ సున్నపు మేత పెట్టడం మంచిది కాదు. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, ఎదిగే పిల్లల దాణాలో 1 శాతం సరిపోతుంది. గుడ్లకు రాని పిల్ల ఎక్కువ కాల్షియం తింటూ పోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. పెరట్లో అన్ని వయసులవీ కలిసే తిరుగుతాయి కాబట్టి ఒక సులువైన దారి ఉంది. అన్నిటికీ మామూలు మేత పెట్టి, ఒక మూల విడిగా చిన్న మట్టి మూకుడులో ఆల్చిప్పల ముక్కలో సున్నపురాయి నలుగో ఉంచాలి. గుడ్లకొచ్చిన పెట్ట తనకు కావలసినంత ఏరుకుంటుంది, మిగతావి పెద్దగా పట్టించుకోవు. సాయంత్రం పూట ఆ మూకుడు నిండుగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే పెంకు పని రాత్రి జరుగుతుంది. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పనికొస్తాయి. బాగా ఎండబెట్టి, పెనం మీద వేడిచేసి, పెంకు అని పోల్చుకోలేనంతగా నలిపి పెట్టాలి. పెద్ద ముక్కలుగా పడేస్తే గుడ్లు పొడుచుకు తినే అలవాటును చేజేతులా నేర్పినట్టవుతుంది. తాంబూలంలో వేసుకునే తడి సున్నం మాత్రం పెట్టకూడదు, నోరు కాలుతుంది.

తొలి గుడ్డు రోజు పెట్ట నడవడికే వేరు. పొద్దున్నే మేతకు పరిగెత్తదు. గూటి చుట్టూ తిరుగుతుంది, గంప కింద తల పెట్టి చూస్తుంది, వంటింటి గుమ్మం దాకా వస్తుంది, సన్నగా మూలుగుతున్నట్టు అరుస్తుంది. వరిగడ్డి పరిచిన గూట్లోకి దూరి కూర్చుంటుంది, లేస్తుంది, ముక్కుతో గడ్డిపోచలు తీసి వీపు మీదకి విసురుకుంటుంది, మళ్లీ కూర్చుంటుంది. ఇది గంటసేపైనా సాగుతుంది. చివర్లో కాళ్లు దూరంగా పెట్టి సగం లేచి నిలబడుతుంది, ఒళ్లు రెండు మూడుసార్లు బిగుస్తుంది, గుడ్డు జారి గడ్డి మీద పడుతుంది. ఆ క్షణాన గుడ్డు తడిగా మెరుస్తుంటుంది. నిమిషాల్లోనే ఆ తడి ఆరి పెంకు మీద కంటికి కనిపించని పొరగా మిగులుతుంది. పెంకుకున్న వేల సూక్ష్మ రంధ్రాలను మూసి, క్రిములు లోపలికి పోకుండా ఆపేది ఆ పొరే. గుడ్డు పెట్టిన పెట్ట కాసేపు కదలకుండా నిలబడి, తర్వాత బయటికొచ్చి పెరడంతా దద్దరిల్లేలా అరుస్తుంది. ఇదంతా జరుగుతున్నప్పుడు చూడాలని ఇంట్లో పిల్లలు ఆరాటపడతారు. దూరం నుంచి చూడనివ్వాలి. దగ్గరికి పోయి కదిలిస్తే పెట్ట గూడు వదిలేసి గడ్డివాములోనో జామచెట్టు కింది తుప్పలోనో చోటు వెతుక్కుంటుంది. ఆ తర్వాత ఆ గుడ్ల కోసం రోజూ ఇంటివాళ్లు గాలించాల్సిందే.

గూడు ముందే సిద్ధంగా ఉండాలని చెప్పేది అందుకే. నాలుగైదు పెట్టలకు ఒక గూడు చాలు. అడుగు వెడల్పు, అడుగు లోతు, కాస్త చీకటి, పొడి వరిగడ్డి లేదా ఊక. పడుకునే కర్ర కన్నా గూడు కిందుగా ఉండాలి, లేకపోతే రాత్రి అందులోనే పడుకుని పాడుచేస్తాయి. గూట్లో ఒక గుడ్డు వదిలేసే పాత పద్ధతి బాగా పనిచేస్తుంది, కొత్త పెట్ట ఆ గుడ్డును చూసి అక్కడే పెడుతుంది. నిజం గుడ్డుకు బదులు చెక్క గుడ్డో తెల్లటి గుండ్రాయో ఉంచితే పాడయ్యే బెడద ఉండదు.

ఇక ఆ తొలి గుడ్లు. కంగారంతా ఇక్కడే మొదలవుతుంది. మొదటి గుడ్డు చిన్నది, 30-40 గ్రాములు ఉండొచ్చు. పగలగొడితే ఒక్కోసారి అందులో పచ్చసొనే ఉండదు. ఇంకోసారి రెండు పచ్చసొనలు. ఒకరోజు పడుకునే కర్ర కింద పెంకు లేని తోలుగుడ్డు పడి ఉంటుంది. ఇంకోరోజు పెంకు మీద సన్నటి నెత్తుటి గీత. పక్కింటివాళ్లు దిష్టి అంటారు, దుకాణంవాడు సీసాలో మందు ఇస్తాడు. చాలాసార్లు రెండూ అక్కర్లేదు.

పెట్ట శరీరంలో గుడ్డు తయారయ్యే తీరు తెలిస్తే ఈ వింతలు భయపెట్టవు. కోడికి ఎడమవైపు అండాశయమే పనిచేస్తుంది. అందులోంచి పచ్చసొన జారి అండవాహికలో పడుతుంది. దాదాపు మూడు గంటల్లో దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది, గంటా గంటన్నరలో పలచటి పొరలు వస్తాయి, మిగిలిన సుమారు 20 గంటలూ పెంకుకే. మొత్తం 24 నుంచి 26 గంటలు. ఈ పనులన్నిటినీ నడిపే హార్మోన్లు పడుచు పెట్టలో ఇంకా ఒక క్రమంలో పడి ఉండవు. రెండు పచ్చసొనలు ఒకేసారి జారితే జంటసొన గుడ్డు అవుతుంది. సొన జారకుండానే చిన్న కణజాలపు ముక్క ఏదో వాహికలో పడితే దాని చుట్టూ తెల్లసొన, పెంకు కట్టి బుల్లి గుడ్డు వస్తుంది. పెంకు గదిలో ఉండాల్సినంతసేపు ఉండకపోతే తోలుగుడ్డు వస్తుంది. గుడ్డు వచ్చే మార్గం మొదటిసారి సాగినప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే పెంకుకు నెత్తురు అంటుతుంది. పచ్చసొన మీద కనిపించే ఎర్రచుక్క కూడా అండాశయంలో చిట్లిన సన్నటి నాళం వల్లనే. ఆ చుక్కను పిల్ల అనుకుని పారేసేవాళ్లున్నారు. పుంజు లేని పెరట్లో పడిన గుడ్డులోనూ ఆ చుక్క ఉండొచ్చు, తీసేసి వండుకోవచ్చు. గుడ్డు పెట్టడానికి పుంజు అవసరం లేదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పిల్లలు కావాలంటేనే పుంజు.

నెల, నెలన్నరలో ఇవన్నీ సర్దుకుంటాయి. గుడ్డు బరువు వారం వారం పెరుగుతుంది. అప్పుడు కూడా రోజూ ఒక గుడ్డు రాదు. గుడ్డుకు 24 గంటలు దాటుతుంది కాబట్టి ఇవాళ ఏడింటికి పెట్టిన పెట్ట రేపు ఎనిమిదింటికి, ఎల్లుండి ఇంకాస్త ఆలస్యంగా పెడుతుంది. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటితే ఒకరోజు మానేసి, మళ్లీ పొద్దుటి వేళకు వస్తుంది. ఆ ఒక్కరోజు విరామాన్ని జబ్బు అనుకోనక్కర్లేదు. గోడ మీది క్యాలెండర్ అసలు పనికొచ్చేది ఇప్పుడే. ఏ రోజు గుడ్డు వచ్చిందో ఒక చుక్క, తోలుగుడ్డు అయితే ఒక సున్నా. రెండు నెలల చుక్కలు చూస్తే ఆ పెట్ట వరస ఇంటివాళ్లకు తెలిసిపోతుంది, వరస తప్పినరోజు వెంటనే కనిపిస్తుంది.

వరస తప్పించే కారణాల్లో నీళ్లది మొదటి స్థానం. గుడ్డు లోపలి భాగంలో 75 శాతం దాకా నీరే. ఒక్కరోజు నీళ్లు అందకపోయినా ఆ తర్వాత కొన్ని రోజులు గుడ్లు ఆగిపోవచ్చు. రెండోది ఎండ. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగశ్వాసతో వేడిని బయటికి పంపుతుంది. ఆ ఎగశ్వాసలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి, పెంకుకు కావలసిన కార్బొనేట్ నెత్తుట్లో తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమలోనూ తెలంగాణలోనూ మేత సరిగ్గా పెట్టినా పెంకులు పలచబడటానికి ఇదొక ముఖ్య కారణం. మేత తెల్లవారుజామున, సాయంత్రం పెట్టి, మధ్యాహ్నం చెట్టు నీడా చల్లటి కుండ నీళ్లూ ఉండేలా చూడటం ఏ మందు కన్నా మంచిది.

మూడోది వెలుతురు. కోడి మెదడు కపాలంలోంచి దిగే వెలుగును నేరుగా గ్రహిస్తుంది, పగలు పెరుగుతున్న కొద్దీ గుడ్ల వైపు మొగ్గుతుంది. లేయర్ ఫారాల్లో దీపాలు పెట్టి 16 గంటల వెలుతురు ఇచ్చేది అందుకే. హైదరాబాద్‌లో పగలు జూన్‌లో సుమారు 13 గంటలు, డిసెంబర్‌లో 11 గంటలు. తేడా పెద్దది కాదు కాబట్టి మన దగ్గర చలికాలంలో గుడ్లు తగ్గినా పూర్తిగా ఆగిపోవు. ఉత్తర అమెరికాలోని న్యూజెర్సీ వంటిచోట్ల డిసెంబర్ పగలు తొమ్మిది గంటల పైచిలుకే, అక్కడి పెరటి కోళ్లు ఆ కాలంలో నెలల తరబడి మానేయడం మామూలు. మన ఊళ్లలో ఉగాదికి పుట్టిన పిల్లలు దసరా, దీపావళి మధ్య, పగలు తగ్గుతున్నప్పుడు గుడ్ల వయసుకొస్తాయి. వాటికి ఇంకొన్ని వారాలు ఎక్కువ పట్టవచ్చు. కోయడానికి అది కారణం కారాదు.

ఓపిక పట్టకూడని సందర్భాలు కొన్నున్నాయి, ఇవి బాగా గుర్తుండాలి. పెట్ట తోక కిందికి వాల్చి, ఈకలు ఉబ్బించి, పదేపదే ముక్కుతూ, మేత మానేసి నిలబడితే గుడ్డు అడ్డుపడిందేమోనని అనుమానించాలి. పొత్తికడుపు దాకా గోరువెచ్చటి నీళ్లలో 20 నిమిషాలు కూర్చోబెట్టి, చీకటిగా వెచ్చగా ఉన్నచోట ఉంచి, అప్పటికీ రాకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పొట్ట పిసికి గుడ్డు తీయాలని చూస్తే అది లోపలే పగిలి ప్రాణం మీదికి వస్తుంది. గుడ్డు వచ్చే మార్గం బయటికి జారి ఎర్రగా కనిపిస్తే ఆ పెట్టను ఆ క్షణమే వేరుచేయాలి. ఎర్రదనం చూస్తే మిగతా కోళ్లు పొడుస్తాయి, పేగులు లాగేదాకా వదలవు. వయసుకు ముందే గుడ్లకొచ్చిన పెట్టల్లో, కొవ్వు పట్టిన పెట్టల్లో ఈ కష్టం ఎక్కువ. పిల్ల త్వరగా గుడ్లకు రావాలని మరీ బలమైన మేత కుక్కడం మంచిది కాదనడానికి ఇదీ ఒక కారణం.

పెరట్లో కోళ్లన్నీ ఒక్కసారిగా గుడ్లు తగ్గించి, వంకరగా, పలచటి పెంకుతో పెడుతూ, పచ్చటి పారుడు, మెడ వంకర, ఎగశ్వాస కనిపిస్తే అది కొక్కెర తెగులు కావచ్చు. దానికి మందు లేదు, ముందే వేసే టీకానే దిక్కు. లసోటా టీకా మొదటి వారంలో, ఆర్‌టూబీ టీకా 8-10 వారాల వయసులో వేయించాలి. గుడ్లకొచ్చాక వేస్తే కొన్నాళ్లు గుడ్లు తగ్గే అవకాశం ఉంది కాబట్టి అంతకుముందే పూర్తిచేసుకోవడం తెలివైన పని. ఏ కారణంగానైనా యాంటీబయాటిక్ వాడితే, ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో డాక్టరును అడిగి అన్ని రోజులూ పక్కన పెట్టాల్సిందే, ముఖ్యంగా పిల్లలున్న ఇంట్లో.

గుడ్లను నీళ్లతో కడిగి దాచే అలవాటు మానుకోవడం మంచిది. పైనున్న రక్షణ పొర పోతుంది, చన్నీళ్లకు లోపలి పదార్థం కుంచించుకుని బయటి మురికిని రంధ్రాల గుండా లోపలికి లాగుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు. మరీ మురికి పట్టినవి ఆ రోజే బాగా ఉడికించి తినేయాలి.

నాటుపెట్ట, అసీల్ పెట్ట 10-15 గుడ్లు పెట్టాక పొదుగుకొస్తాయి. గూట్లోంచి లేవవు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడిచి పొడుస్తాయి, గుడ్లు ఆగిపోతాయి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చేసే పని అది. పిల్లలు కావాలనుకుంటే 10-12 గుడ్లు పెట్టి 21 రోజులు ఆగాలి. తొలి నెలలో పడిన బుల్లి గుడ్లు మాత్రం పొదిగించకూడదు, పిల్ల పుట్టినా బలహీనంగా ఉంటుంది. పిల్లలు వద్దనుకుంటే గుడ్లు తీసేసి, అడుగు నుంచి గాలి తగిలే వెదురు తడిక మీద, గడ్డి లేకుండా మూడు నాలుగు రోజులు మేతా నీళ్లూ ఇస్తూ ఉంచితే పొదుగు వదులుతుంది. నీళ్లలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం లాంటి పద్ధతులు కొన్ని పల్లెల్లో ఉన్నాయి. నోరులేని జీవాన్ని హింసించడం తప్ప వాటితో ఒరిగేదేమీ లేదు. గ్రామప్రియ, వనరాజలకు పొదిగే గుణం దాదాపు ఉండదు. వాటి గుడ్లు నాటుపెట్ట కింద పెట్టి పిల్లలు చేయించేవాళ్లున్నారు, అయితే అవి సంకరజాతులు కాబట్టి ఆ పిల్లలు తల్లంత గుడ్లు పెడతాయన్న హామీ లేదు.

ఏడాదిన్నర వయసు దగ్గరపడ్డాక మరో విరామం వస్తుంది. ఈకలు రాలి, మెడ బోసిపోయి, జుట్టు వాడి, గుడ్లు రెండు మూడు నెలలు నిలిచిపోతాయి. ఇళ్లలో మళ్లీ కత్తి మాట వినిపించేది అప్పుడే. ఈకలో అధికభాగం ప్రొటీనే, అందుకని ఆ నెలల్లో ఉలవలు ఉడకబెట్టి, ఎండుచేపల పొడి, చెదలు, మునగాకు మేతలో కలిపి పెడితే పెట్ట త్వరగా కోలుకుంటుంది. కొత్త ఈకలు నిండాక గుడ్ల సంఖ్య మొదటి ఏటి కన్నా కొంత తగ్గుతుంది, ఒక్కో గుడ్డు బరువు మాత్రం పెరుగుతుంది.